మిషను వచ్చాక

జూలై 2, ఆదివారం

రెండు రోజులుగా మనసు ఒకచోట నిలవడం లేదు. ఎవరితో చెప్పాలో తెలియక ఇందులో రాస్తున్నాను. ఇది షాపులో పాత ఆర్డర్ల పుస్తకం. కొత్తది అచ్చువేయించారని ఓనరుగారు దీన్ని పారేస్తుంటే తెచ్చుకున్నాను. ప్రతి పేజీలో కుడి కన్ను, ఎడమ కన్ను, పవరు, ఫ్రేము అని గళ్ళు. ఆ గళ్ళ మీదుగా రాసేస్తున్నాను, అడిగేవాళ్ళెవరు?

ఇవాళ టేబుల్ ఆదివారం. నెలలో మొదటి ఆదివారం మా ఆయన జీతం, నా జీతం బ్యాంకు నుంచి తెచ్చి భోజనాల బల్ల మీద పెడతాం. పిల్లలే లెక్కపెట్టి డబ్బాల్లో వేస్తారు. అద్దె, సరుకులు, స్కూలు, కరెంటు, బస్సు పాసులు అయ్యాక మిగిలింది ఎర్ర బిస్కెట్ల డబ్బాలోకి పోతుంది. అది నా మిషను డబ్బా. ఈ పద్ధతి నేను పెట్టిందే. మా నాన్న అప్పుల సంగతి మాకు తెలిసింది ఇంట్లో సామాను వీధిలో పెట్టిన రోజునే. నా పిల్లలకు ఆ గతి పట్టకూడదు, ఇంట్లో ఎంత ఉందో ఎంత లేదో వాళ్ళకు తెలియాలి అనుకున్నాను. మా ఆయన డిపోలో బస్సుల టైర్లు చూసుకునే మనిషి, ఇంటి లెక్కల్లో తలదూర్చరు. ఆర్థిక మంత్రి చూసుకుంటుందిలే అని నవ్వి ఊరుకుంటారు.

డబ్బాలు నిండాక ఎవరికేం కావాలో చెప్పడం ఉంటుంది. ఆరేళ్ళ గడుగ్గాయికి బ్యాటు కావాలట, అది విరిగితే వాడటానికి ఇంకో బ్యాటు కావాలట, ఒక చేప కూడా కావాలట. ఆయనకు చెప్పులు. నా తొమ్మిదేళ్ళ అమ్ములు ఎప్పటిలాగే "నాకేమీ వద్దమ్మా" అంది. ఇది పదకొండో నెల. బంగారు తల్లి అని అందరి ముందూ ముద్దుపెట్టుకున్నాను. అంతటితో ఆగానా? కిందింటావిడతో చెప్పాను, మా అక్కకు ఫోను చేసి చెప్పాను. ఈ కాలంలో ఏమీ అడగని పిల్ల ఎవరికి దొరుకుతుంది.

అది అడిగేది ఒక్కటే, మిషనుకు ఇంకా ఎంత కావాలి అని. పాపం, నాకంటే దానికే ఆత్రం.

మిషను సంగతి రాయాలి. రెండు వీధుల అవతల కళ్ళజోళ్ళ షాపు పెద్దాయన కొట్టు మూసేస్తున్నారు. లెన్సులు అరగదీసే ఆయన మిషను అరవై వేలకు నాకిస్తానన్నారు. పన్నెండేళ్ళుగా ఇంకొకరి షాపు వెనక గదిలో ఇంకొకరి మిషను మీద వంగి పనిచేస్తున్నాను. అది వస్తే సొంతంగా చిన్న గది తీసుకోవచ్చు. చలికాలం నుంచీ ఆయన నాకోసం ఆపారు, ఈ నెలాఖరులోగా ఏదో ఒకటి తేల్చమని మొన్న కబురు చేశారు. మార్చిలోనే డబ్బా అరవైకి చేరింది. తీరా చేరాక గది అడ్వాన్సు గుర్తొచ్చింది. అడ్వాన్సు సగం చేరేసరికి అద్దాల బీరువా లేకుండా షాపేమిటి అనిపించింది. తొందరపడి చేతులు కాల్చుకోవడం ఎందుకు, ఇంకో నెల ఆగితే నయం.

జూలై 5, బుధవారం

అమ్ములు పాలు గ్లాసు పక్కన పోసింది. బల్లంతా పాలే. ఎక్కడో ఆలోచన. తుడుస్తూ నాలుగు మాటలు అన్నాను.

జూలై 7, శుక్రవారం

శుక్రవారాలూ మంగళవారాలూ కళ్ళ డాక్టరమ్మ మా షాపుకు వస్తారు కాబట్టి ఊపిరాడదు. ఇవాళ ఇరవై మూడు జతలు బిగించాను. ఒకాయన ఎడమ లెన్సు కుడికి, కుడిది ఎడమకు వేశానని గొడవ. తీరా చూస్తే ఆయన కళ్ళజోడు తిరగేసి పెట్టుకున్నారు. ఓనరుగారు నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయారు. నేను నవ్వలేదు. పెద్దాయన షాపు ముందు నుంచి రావాల్సి వస్తుందని ఈ మధ్య చుట్టూ తిరిగి వస్తున్నాను, కాళ్ళు నొప్పులు.

జూలై 11, మంగళవారం

స్కూలు నుంచి ఫోను. అమ్ములు పక్కపిల్ల పుస్తకంలో చూసి రాస్తోందట. ఒకసారి కాదు, రోజూ. లెక్కలు, సైన్సు, అన్నీ. బోర్డు మీద రాసింది చూడదట, పక్కకే చూస్తుందట. ఇంత తెలివైన పిల్ల ఇలా ఎందుకు తయారైందండీ అని టీచరమ్మ మర్యాదగానే అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం అడిగాను. నేల చూపులు. ఎందుకు చూసి రాస్తున్నావే అంటే పుస్తకాలు సంచిలో సర్దుకుంది. రాకపోతే రాలేదని చెప్పు, దొంగ పనులు చేయకు అన్నాను. దానికీ తల ఊపింది తప్ప నోరు విప్పలేదు. ఇంత మొండితనం ఎవరి పోలికో. ఆయన పోలికే అయి ఉంటుంది.

జూలై 14, శుక్రవారం

పొద్దున లేచినప్పటి నుంచి ఒకటే అనుమానం. పాలు పక్కన పోయడం, పుస్తకం ముక్కుకు ఆనించుకోవడం, బోర్డు చూడకపోవడం. ఈ పనిలో ఉండి నాకు తట్టకపోతే ఎలా? స్కూలు నుంచి పిల్లలిద్దరూ ఎలాగూ షాపుకే వస్తారు, నా పని అయ్యేదాకా వెనక గదిలో హోంవర్కు చేసుకుంటారు. డాక్టరమ్మ దగ్గర జనం నిండిపోయి ఉన్నారని, ఐదు నిమిషాలు ఖాళీ దొరకగానే నేనే దాన్ని నేల మీద గీసిన గీత దగ్గర నిలబెట్టి అక్షరాల బోర్డు చదివించాను.

గడగడా చదివేసింది. పైనుంచి చివరి వరస దాకా, ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి. చివరి వరస నాకే సరిగ్గా ఆనదు. ఆ బోర్డంటే దానికి ముందు నుంచీ ఇష్టం. నాలుగేళ్ళప్పుడు నా స్టూలు పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకుంది దాని మీదే. ఓనరుగారు చూసి, మీ అమ్మాయికి గద్ద చూపమ్మా అన్నారు. నాకు పట్టరాని సంతోషం.

కళ్ళకేం లేదు. అంటే ఇది ఒళ్ళు బద్ధకమే.

జూలై 15, శనివారం

గడుగ్గాయికి చేప కొన్నాం. సాయంత్రానికి దానికి బిస్కెట్టు పెట్టాడు. బతికే ఉంది.

జూలై 21, శుక్రవారం

పరీక్ష పేపర్లు ఇచ్చారు. లెక్కల్లో యాభైకి పదమూడు. పోయినేడాది ఇదే పిల్ల నలభై ఏడు తెచ్చింది. టీచరమ్మ పక్కపిల్లను దూరంగా కూర్చోబెట్టిందట, అందుకని పదమూడు. అంటే ఇన్నాళ్ళూ వచ్చిన మార్కులు ఎవరివి?

ప్రశ్నలు బోర్డు మీద రాశారమ్మా, కొన్ని తప్పు ఎక్కించుకున్నాను అంది. కళ్ళు బాగానే ఉన్నాయిగా, తప్పెలా ఎక్కుతుంది అన్నాను. అబద్ధాలు కూడా మొదలుపెట్టావా అని చెంప మీద కొట్టాను.

ఇంతవరకు ఎప్పుడూ దాన్ని కొట్టలేదు. అది ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

జూలై 22, శనివారం

చెయ్యి ఇంకా మండుతున్నట్టే ఉంది. నాది.

జూలై 30, ఆదివారం

నెలాఖరు. పెద్దాయన దగ్గరికి వెళ్ళక తప్పలేదు. కొట్టు సగం ఖాళీ అయింది. మిషను మీద తెల్లగుడ్డ కప్పి ఉంచారు. గుడ్డ తీసి ఒకసారి ఆన్ చేశాను. ఎంత మెత్తగా తిరుగుతుందో, మా షాపుదానిలా గోల చేయదు. పది నిమిషాలు దాని ముందే కూర్చున్నాను. బాబాయ్ గారూ, ఇంకొక్క నెల అన్నాను.

"పిల్లనిచ్చే ఇంట్లో కూడా ఇన్ని నెలలు ఆలోచించరమ్మాయ్," అన్నారు. "డబ్బు తక్కువైతే తర్వాతివ్వు. ముందు తీసుకుపో."

డబ్బు సంగతి కాదండీ, గది కుదరాలి, బీరువా చేయించాలి, అన్నీ ఒకేసారి ఉంటేనే కదా అని ఏవేవో చెప్పాను. ఆయన ఊఁ కొడుతూ విన్నారు. చివరికి ఆగస్టు ఇరవై దాకా చూస్తాను, ఆ తర్వాత నా చేతిలో లేదు అన్నారు. బయటికొచ్చాక ఎందుకో పరీక్ష వాయిదా పడినంత హాయిగా అనిపించింది. జాగ్రత్తగా ఉండటంలో తప్పేముంది.

ఆగస్టు 6, ఆదివారం

టేబుల్ ఆదివారం. డబ్బాలో డెబ్బై నాలుగు వేలయింది. ఇంకా ఎంత కావాలమ్మా అని అమ్ములు అడిగింది. బీరువాకు పదిహేను వేలు కావాలి అన్నాను. పోయిన నెల బీరువా సంగతి చెప్పలేదుగా అంది. లేదు, ఇప్పుడు అనుకున్నాం అన్నాను. అది కాసేపు డబ్బా వంక చూసింది.

తర్వాత, స్కూలు ఎంతో దూరం లేదు, బస్సు పాసు మానేసి నడిచి వెళ్తాను, ఆ డబ్బు బీరువాకు వేయండి అంది. ఆయన వద్దన్నారు, పెద్ద రోడ్డు దాటాలి కదా అని. నేనే, పిల్లలకు నడక మంచిది, సిగ్నలు ఉంది కదా అన్నాను. మళ్ళీ బంగారు తల్లి అన్నాను. కొట్టిన దగ్గర్నుంచి దానితో మంచిగా మాట్లాడే సందు దొరకలేదు, ఇవాళ దొరికింది.

ఆగస్టు 10, గురువారం

నడిచి వస్తుంటే ఎడమ పక్క నుంచి సైకిలు వచ్చి గుద్దింది. మోకాలు, మోచెయ్యి గీరుకుపోయాయి. సైకిలు అబ్బాయే షాపు దాకా తీసుకొచ్చాడు, పాపం వాడికే ఎక్కువ భయం వేసింది. బెల్లు కొట్టానండీ, అటు చూడనేలేదు అన్నాడు. రోడ్డు మీద కలలేంటి అని తిడుతూ మందు రాశాను. ఆయనేమో ఇంటికి వస్తూనే పాసు కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టారు. 

రాత్రి దాని మోకాలు చూస్తుంటే, తగ్గిపోతుందిలే అమ్మా, దీనికి డాక్టరు అక్కర్లేదు అంది. నాకు అది కూడా గొప్పగానే అనిపించింది. రాస్తున్నాను కదా, ఉన్నదున్నట్టు రాయాలి.

ఆగస్టు 15, మంగళవారం

సింకు పొంగింది. చేప పోయింది. గడుగ్గాయి జెండా వందనానికి స్కూలుకు వెళ్ళనన్నాడు.

ఆగస్టు 18, శుక్రవారం

ఇవాళ జరిగింది రాయాలి.

మా షాపులో అక్షరాల బోర్డు వెనక లైటు పోయినవారమే కాలిపోయింది. లెన్సుల కంపెనీవాళ్ళు కొత్త బోర్డు ఇచ్చారు. అదే సైజు, అదే తెలుపు, అవే రకం అక్షరాలు. పొద్దున ఓనరుగారు బిగించారు. సాయంత్రం పిల్లలు వచ్చేసరికి డాక్టరమ్మ టీ తాగుతున్నారు, జనం లేరు. గడుగ్గాయి కర్ర పట్టుకుని బోర్డు పక్కన స్టూలెక్కి డాక్టరు ఆట మొదలుపెట్టాడు. వాడికి ఈ ఏడే అక్షరాలొచ్చాయి, ఎక్కడ చూసినా చదువుతాడు. అక్కను గీత దగ్గర నిలబెట్టి, నాలుగో వరస మీద కర్ర పెట్టి చదవమన్నాడు.

అది చదివింది. ఎప్పటిలాగే గడగడా, ఒక్క అక్షరం తడబడకుండా. వాడు కర్ర దించి బోర్డు వంక చూశాడు, మళ్ళీ అక్క వంక చూశాడు.

"అక్కా, అవి ఇక్కడ లేవు," అన్నాడు.

అది ఐదో వరస చదివింది. అదీ లేదు. ఆరోది చదివింది. వాడు పడీ పడీ నవ్వుతున్నాడు, అక్కకు చదవడం రాదు, అక్కకు చదవడం రాదు అని. నాకు ముందు అర్థం కాలేదు. అది చదువుతున్నవి నాకు బాగా తెలిసిన వరసలే, పన్నెండేళ్ళుగా రోజూ వింటున్నవే. తర్వాత బోర్డు చూశాను. పాత బోర్డు మెట్ల కింద గోడకు ఆనించి ఉంది. బోర్డు మారిందని నా కూతురికి తెలియలేదు. అక్కడ ఏముందో దానికి కనిపిస్తే కదా.

డాక్టరమ్మ టీ గ్లాసు పక్కన పెట్టేశారు. ఇలా రామ్మా అని దాన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. నేను మిషను ఆపడం మరిచిపోయాను, ఎవరిదో లెన్సు చిన్నదైపోయేదాకా అరిగిపోయింది. ఓనరుగారు వచ్చి ఆపారు.

కుడి మైనస్ రెండు. ఎడమ మైనస్ ఐదున్నర.

రోజుకు ఇరవై జతలు బిగించే దాన్ని. అంకె చూడగానే ఆ మనిషికి ఏం కనిపిస్తుందో, ఏం కనిపించదో చెప్పగలను. ఐదున్నర అంటే చాచిన చేతిలో పుస్తకం కూడా మసక.

ఆగస్టు 19, శనివారం

నిన్న డాక్టరమ్మ చెప్పింది పూర్తిగా రాయలేకపోయాను. ఎడమ కన్నుకు ఇన్నాళ్ళూ స్పష్టంగా ఏదీ కనిపించక, ఆ కన్ను చూడటం మానుకుందట. కళ్ళజోడు పెట్టినా వెంటనే చూపు రాదు. రోజుకు రెండు గంటలు కుడి కన్నుకు పట్టీ వేసి ఎడమ కన్నుతో పని చేయించాలి. నెలల తరబడి, ఎవరో ఒకరు దగ్గర కూర్చుని. తొమ్మిదేళ్ళు కాబట్టి ఆశ ఉంది, మాట మాత్రం ఇవ్వలేను అన్నారు. నాలుగైదు నెలలు ముందొచ్చి ఉంటే నేను ఇంకొంచెం ధైర్యంగా చెప్పేదాన్ని అన్నారు.

ఆగస్టు నుంచి వెనక్కి ఐదు నెలలు లెక్కపెట్టాను. మార్చి.

ఎప్పటి నుంచి కనిపించడం లేదే అని దాన్ని అడిగాను. స్వెట్టర్లు వేసుకునే రోజుల నుంచి అంది. ఎందుకు చెప్పలేదు? నేను కొడతానేమో అన్నట్టు కూర్చుంది. ఆయన దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాక చెప్పింది.

"మిషను వచ్చాక చెబుదామనుకున్నానమ్మా. అప్పుడు మన షాపే కదా, అద్దాలు ఊరికే వస్తాయి. ఇప్పుడైతే డబ్బాలోంచి తియ్యాలి."

మా షాపు ధరల పట్టిక రాసింది అదే. చేతిరాత బాగుందని పోయినేడు ఓనరుగారు దానిచేత రాయించారు. ఏ లెన్సు ఎంతో, ఏ ఫ్రేము ఎంతో దానికి నాకంటే బాగా తెలుసు. లెక్క వేసుకుంది. ఆగింది. నేను గది అంటే ఆగింది, అడ్వాన్సు అంటే ఆగింది, బీరువా అంటే నడిచి వెళ్ళింది. మరి బోర్డు ఎలా చదివావే అంటే, నాకు వచ్చు కదమ్మా అంది. అబద్ధం చెప్పానన్న ఆలోచన కూడా దానికి లేదు. చదవమన్నాను, వచ్చింది చదివింది.

ఇంట్లో ఎంత ఉందో పిల్లలకు తెలియాలి అని గొప్పగా పెట్టాను కదా పద్ధతి. తెలిసింది.

ఆగస్టు 20, ఆదివారం

పెద్దాయన చెప్పిన గడువు ఇవాళే. వెళ్ళలేదు.

ఆగస్టు 22, మంగళవారం

కళ్ళజోడు నేనే చేశాను. ఓనరుగారు లెన్సులు కొన్న ధరకే ఇచ్చారు, నెలనెలా జీతంలో కోసుకుంటానన్నారు. ఫ్రేము ఎంచుకోమంటే అమ్ములు తిన్నగా వెళ్ళి కింది అరలో అన్నిటికంటే చవకది తీసింది. వేరేది చూడవే అన్నాను. ఇదే నచ్చింది అంది. చూసే ఓపిక నాకూ లేదు, ఎప్పుడు బిగిస్తానా అని ఉంది. ఎడమ లెన్సు మందం. అంచులు మూడుసార్లు సరిచేశాను. నా చేతుల్లో పని ఇంత ఆలస్యంగా ఎప్పుడూ సాగలేదు.

పెట్టుకుని బయటికెళ్ళి నిలబడింది. ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టలకు క్లిప్పులు ఉన్నాయని చెప్పింది. ఎన్ని క్లిప్పులో లెక్కపెట్టింది. నేను లోపలికి వెళ్ళి మిషను ఆన్ చేసుకుని ఏడ్చాను. ఆ గోలలో ఎవరికీ వినిపించదు.

ఆగస్టు 24, గురువారం

మిషను వెళ్ళిపోయింది. వేరే ఊరివాళ్ళు వచ్చి బండిలో ఎక్కించుకుపోయారట. నాకేం బాధ లేదు.

ఆగస్టు 25, శుక్రవారం

స్కూలుకు వెళ్ళి టీచరమ్మతో అన్నీ చెప్పాను. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను పెట్టుకోలేదు, ముందు వరసలో కూర్చోబెట్టండి అన్నాను. ఆయనతో చెబితే, ఆవిడకేం తెలుస్తుందిలే, ఇంట్లో ఉన్న మనకే తెలియలేదు అన్నారు. "మనకే" అన్నారు. "నీకే" అనలేదు. అలా అని ఉంటే పోట్లాడేదాన్ని, కొంచెం తేలికపడేదాన్ని.

ఆగస్టు 29, మంగళవారం

పట్టీ వేస్తే అమ్ములు గోడలు పట్టుకుని నడుస్తుంది. పట్టీ మొదలైన రోజే, ఇక నాలుగింటికే ఇంటికి వెళ్తానని ఓనరుగారిని అడిగాను. జీతం తగ్గుతుందమ్మా అన్నారు, తగ్గించండి అన్నాను. రెండు గంటలు దాని పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించడం, చుక్కలు కలపడం, బియ్యంలో పెసలు ఏరడం. గడుగ్గాయి తనకూ పట్టీ కావాలని కూర్చున్నాడు. వేశాం. గుమ్మం గుద్దుకుని వాడే తీసేశాడు.

బాగానే ఉందా అంటే బాగుందమ్మా అంటుంది. నొప్పిగా ఉందా అంటే లేదమ్మా. ఆకలా అంటే లేదమ్మా. ఏదడిగినా అవే మాటలు. ఇదివరకు ఈ మాటలు వింటే నాకు ఎంత గర్వంగా ఉండేది. ఇప్పుడు వినగానే మళ్ళీ మళ్ళీ అడగాలనిపిస్తోంది. నిజంగా బాగుందో, లెక్క చూసుకుని చెబుతోందో నాకెలా తెలుస్తుంది? దాన్ని నమ్మలేకపోతున్నాను. అది నిజం చెప్పదని కాదు, నాకు చెప్పదని.

ఇవాళ అది పెసలు ఏరుతూ, మిషను మనకెప్పుడు వస్తుందమ్మా అంది. అమ్మేశారు అన్నాను. నా వల్లేనా అంది. కాదు అన్నాను. నమ్మలేదు. నా మాటను అది మాత్రం ఎందుకు నమ్మాలి.

సెప్టెంబరు 2, శనివారం

రేపు టేబుల్ ఆదివారం. పద్ధతి మానేద్దామా అని ఆయన్ను అడిగాను. డబ్బు దాచేద్దాం, పిల్లలకు తెలియనివ్వద్దు, ఎవరికేం కావాలో మనమే కనిపెట్టి కొందాం అన్నాను. ఆయన షేవింగు చేసుకుంటూ విని, తొమ్మిది నెలలు కళ్ళెదురుగా ఉన్నది కనిపెట్టలేనివాళ్ళం అన్నారు. అద్దంలో నా వంక చూసి, అది తన సంగతి చెప్పడం లేదంటున్నావు, నీ సంగతి నువ్వెప్పుడు చెప్పావు అన్నారు. నా సంగతేంటి అన్నాను. మార్చిలో డబ్బు చేరింది కదా, మరి ఎందుకు తీసుకోలేదు అన్నారు.

ఇన్నాళ్ళలో ఆ మాట ఈ పుస్తకంలో కూడా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. నాకు భయం. సొంత షాపు పెడితే ఎవరూ రారేమోనని భయం. నాన్నలా వీధిన పడతానేమోనని భయం. గది లేదు, బీరువా లేదు అంటే అది భయంలా కనిపించదు, జాగ్రత్తలా కనిపిస్తుంది. మిషను వెళ్ళిపోయిందని విన్నప్పుడు ముందు కలిగింది సంతోషం. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

సెప్టెంబరు 3, ఆదివారం

బల్ల మీద డబ్బు పెట్టాం. జీతం తగ్గింది కాబట్టి ఈసారి కుప్ప చిన్నది. గడుగ్గాయి వెంటనే, తక్కువైంది అన్నాడు. అవును, అమ్మ తొందరగా ఇంటికొస్తోంది కాబట్టి తక్కువైంది అన్నారు ఆయన. అమ్ములు లెక్కపెట్టి డబ్బాల్లో వేసింది. స్కూలు డబ్బా దగ్గర రెండుసార్లు లెక్కపెట్టింది. బిస్కెట్ల డబ్బా మాత్రం ముట్టుకోలేదు.

ఎవరికేం కావాలో చెప్పే వేళకు, ముందు నేను చెబుతాను అన్నాను. ఎప్పుడూ చివర్లో చెప్పేదాన్ని, అదీ ఏమీ ఉండదు. పిల్లల ముందు ఇలా మాట్లాడటం నాకు రాదు. అమ్ములునే చూస్తూ చెప్పాను.

"మిషను డబ్బు మార్చిలోనే చేరిందమ్మా. నేనే భయపడి కొనలేదు. మీకు బీరువా అని, అడ్వాన్సు అని చెప్పాను. మిషను పోయింది నా భయం వల్ల. నీ వల్ల కాదు. పోయినందుకు నాకు బాధగా ఉంది, చాలా బాధగా ఉంది."

గడుగ్గాయి, పెద్దవాళ్ళకు కూడా భయమా అని వాళ్ళ నాన్నను అడిగాడు. ఆయన, మీ అమ్మకు బొద్దింకన్నా భయమే కదరా అన్నారు. వాడు నవ్వాడు. అమ్ములు నవ్వలేదు. కళ్ళజోడులోంచి నన్నే చూస్తోంది. దానికి ఇప్పుడు నా ముఖం ఎంత బాగా కనిపిస్తుందో తలుచుకుంటే తల దించుకోవాలనిపించింది.

వాడికి చేప కావాలట, ఈసారి రెండు. ఆయనకేమీ వద్దట, తర్వాత నా వంక చూసి, బనియన్లు అన్నారు. ఇక అమ్ములు వంతు. నేను ఏమీ అనకూడదని పళ్ళు బిగపట్టుకున్నాను. అడుగు అని బతిమాలకూడదు, అది కూడా ఒక రకం బలవంతమే. అది బల్ల మీద చిల్లరను వరసగా పేర్చింది, చెరిపేసింది, మళ్ళీ పేర్చింది. "నాకే..." అంది. నాకేమీ వద్దు అంటుందనుకున్నాను.

"నాకే ఇది ఇక్కడ నొప్పి పెడుతోంది," అంది. "క్లాసులో ఎవరి కళ్ళజోడూ నొప్పి పెట్టదట. అడిగాను."

జడ పక్కకు తీసి చూశాను. ఎడమ చెవి వెనక కమిలి, తోలు లేచిపోయింది. మందం లెన్సు బరువుకు ఫ్రేము కిందికి జారకుండా చెవికి తగిలించే కాడ అక్కడ ఒరుసుకుంటోంది. పన్నెండు రోజులు. రోజూ రెండు గంటలు పక్కనే కూర్చున్నాను. నొప్పిగా ఉందా అని పట్టీ గురించి అడిగాను, చెవి గురించి అడగలేదు. లోపల నుంచి కోపం తన్నుకొచ్చింది, దాని మీదా నా మీదా. ఎందుకు చెప్పలేదు అనబోయాను. ఇప్పుడు చెబుతోంది కదా అని నోరు మూసుకున్నాను.

గిన్నెలో వేణ్ణీళ్ళు తెచ్చి, కాడ చివర ముంచి, మెత్తబడ్డాక వంచాను. పెట్టి చూశాను. ఇప్పుడు ఎలా ఉంది అంటే కొంచెం ఆలోచించి, ఇంకా నొప్పే అంది. మళ్ళీ ముంచాను. ఇంకా అంది. షాపులో రెండోసారికి అందరూ సరిపోయింది అనేస్తారు, అనకపోతే నాకు విసుగొస్తుంది. మూడోసారికి నీళ్ళు చల్లారిపోతే ఆయన లేచి వెళ్ళి మళ్ళీ కాచి తెచ్చారు. అమ్ములు నా ముఖం వంకా, బల్ల మీద డబ్బు వంకా చూసింది. ఇక వదిలేస్తుందేమో అనుకున్నాను. చెవి వెనక వేలు పెట్టి తడుముకుని, ఇటు పక్క ఇంకా తగులుతోందమ్మా అంది.

ఐదోసారికి సరిపోయింది అంది. నిజంగానా, నా చేతులు కాలుతున్నాయని అంటున్నావా అని అడిగాను. తల అటూ ఇటూ తిప్పింది, వంగింది, గెంతి చూసింది. నిజంగానే అంది. రేపు మళ్ళీ అడుగుతాను.